ఎన్నిసార్లు చెప్పాలి?

2020 నవంబరు. తొండియార్‌పేట మీద మబ్బు కమ్మింది.

టి.హెచ్. రోడ్డు పొడవునా బురద. చివరికొచ్చిన మెట్రో పనుల రేకుల మీద వాన టపటపా కొడుతోంది. కాశిమేడు రేవు నుంచి చేపల వాసన, లారీల పొగ, తడిసిన మాస్కుల వెనక ఉక్కపోత. కరోనా రోజులు. ఎవరి ముఖమైనా సగమే కనపడుతుంది. ఆ ముసురు రోజుల్లోనే ఒక తల్లి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

వాషర్మన్‌పేట మహిళా పోలీస్ స్టేషన్. తొండియార్‌పేటను ఆనుకునే ఉన్న పేట అది, మద్రాసు తెలుగువాళ్ల నోట చాకలిపేట. ఆమె వచ్చింది కూతురి కోసం. పిల్లకి 13 ఏళ్లు. సొంత బంధువులే ఆ పిల్లను భయపెట్టి, హింసపెట్టి, డబ్బు తీసుకుని మగవాళ్ల దగ్గరికి పంపారన్నది ఫిర్యాదు. ఒక్కసారి కాదు. ఒక్కరి దగ్గరికీ కాదు.

తల్లి చెప్పింది. ఇక పిల్ల చెప్పాలి.

ఆ పిల్ల పేరు ఈ కథలో రాదు. వీధి పేరు రాదు, బడి పేరు రాదు. ఆమె ఏం చెప్పిందన్నదీ రాదు. తలుపు వేసిన గదిలో నడిచిన మాట బయటికి పొక్కకూడదు. కానీ ఆ గదిలో ఎవరు ఎలా కూర్చోవాలో, ఏం అడగాలో, ఏం అడగకూడదో చట్టం రాసిపెట్టింది. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చిన, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం. పోక్సో. ఈ కథ ఆ చట్టం గీసిన గీత పట్టుకుని నడుస్తుంది. ఆ గీత ఎక్కడ తెగిందో కూడా చూస్తుంది.

మొదటి గది ఎలా ఉండాలి?

అది స్టేషనే కానక్కర్లేదు. పిల్ల ఉంటున్న ఇంట్లోనో, పిల్ల సరేనన్న మరోచోటో కూర్చోవచ్చు. ఎదురుగా మహిళా పోలీసు అధికారి, వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరుకి తక్కువ కాని హోదాలో. పక్కన అమ్మో, పిల్ల నమ్మిన ఇంకెవరో. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వీల్లేదు. నిందితుడు ఆ పిల్ల కంటపడకూడదు. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి కబురు వెళ్లాలి. ఇంకొక్క షరతు ఉంది, పైకి చాలా చిన్నది. వచ్చిన అధికారి ఒంటి మీద యూనిఫాం ఉండకూడదు.

ఎందుకంత పట్టుబట్టింది చట్టం? ఖాకీని చూస్తే పిల్లలు బెదురుతారని. అంతే అనుకున్నారు ఆ మాట రాసినవాళ్లు. ఉత్తర చెన్నైలో ఆ నవంబరులో దానికి ఇంకో అర్థం పుట్టింది.

దర్యాప్తు కదిలింది. పేర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముందు బంధువులు, వాళ్లతో చేతులు కలిపినవాళ్లు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. తర్వాత డబ్బిచ్చి వచ్చినవాళ్లు. ఒక రాజకీయ పార్టీ స్థానిక నాయకుడు. ఒక విలేకరి. జాబితా అక్కడ ఆగలేదు.

ఎణ్ణూరు పోలీస్ ఇన్‌స్పెక్టర్ పుగళేంది.

కాపాడమని చట్టం ఏ వాకిట్లోకి పంపుతుందో ఆ వాకిటి అధికారి. అదే నగరం, అదే శాఖ, అదే ఖాకీ. ఆ పిల్ల ముందు కూర్చున్న అధికారి యూనిఫాం వేసుకుందా లేదా అన్నది ఇక మర్యాదకు సంబంధించిన సంగతి కాదు. నోరు తెరవాలా, మూసుకోవాలా అన్న సంగతి.

నవంబరు మూడో వారంలో ఇన్‌స్పెక్టర్ అరెస్టయ్యాడు. సస్పెండయ్యాడు. ఆ వెంటే తుఫాను వచ్చింది.

నివర్. నవంబరు 25న చెంబరంబాక్కం చెరువు గేట్లెత్తారు. ఆ రాత్రి తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. చెన్నైలో వీధులు చెరువులయ్యాయి. గాలివాన వార్తల మధ్యలో ఈ కేసూ టీవీల్లో నలుగుతూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ ఫొటో, నాయకుడి ఫొటో, పోలీసు బండి. ఇంక కెమెరాకి చిక్కనిది ఒక్కటే మిగిలింది.

ఆ పిల్ల ముఖం.

అక్కడే చట్టం అడ్డంగా నిలబడుతుంది. పేరు, అడ్రసు, ఫొటో, కుటుంబం వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఏ ఆనవాలైనా సరే, పత్రికలో వేయకూడదు. వేస్తే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది: పేరు రాయకపోయినా, చదివినవాళ్లు ఫలానా పిల్ల అని పోల్చుకునేట్టు రాసినా తప్పే. చెప్పుకోడానికి బాగుంటుంది. పేటలో మాత్రం ఏ ఇంటి ముందు పోలీసు బండి ఆగిందో ఎదురింటివాళ్లకి తెలుసు. పాల ప్యాకెట్ల దగ్గర మాట పుడుతుంది, కుళాయి దగ్గరికి చేరుతుంది, మధ్యాహ్నానికి ఫోన్లలోకి ఎక్కుతుంది. ఆ నోళ్లను ఆపే సెక్షను ఇంకా పుట్టలేదు.

పిల్ల రెండోసారి చెప్పాలి. ఈసారి డాక్టరుకి.

మహిళా డాక్టరే చూడాలి. తల్లో, నమ్మకమున్న మనిషో పక్కన ఉండాలి. ఎవరూ లేకపోతే ఆసుపత్రి పెద్ద ఒక స్త్రీని తోడు పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాగితం వచ్చేదాకా చికిత్స ఆపడానికి వీల్లేదు. ఫినాయిలు వాసన, చల్లటి బల్ల, చేతికి తొడుగులు. జరిగింది ఏమిటో డాక్టరూ అడగాలి. రాసుకోవాలి.

మూడోసారి మేజిస్ట్రేటుకి. అప్పటి సెక్షను అంకెను బట్టి 164 వాంగ్మూలం అనేవారు కోర్టు జనం. పిల్ల ఎలా చెబితే అలాగే, ఆ మాటల్లోనే రాయాలి. ఆ గదిలో నిందితుడి వకీలుకి చోటు లేదు. పోలీసూ బయటే. మేజిస్ట్రేటు ముందు మామూలు మాటలతో మొదలుపెడతారు. ఏ క్లాసు? ఎవరితో వచ్చావు? భోంచేశావా? నిన్నెవరైనా ఇలా చెప్పమన్నారా? ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది.

తల్లికి చెప్పింది, పోలీసుకి చెప్పింది, కమిటీకి చెప్పింది, డాక్టరుకి చెప్పింది, మేజిస్ట్రేటుకి చెప్పింది, కేసు పట్టుకున్న ప్రభుత్వ వకీలుకి మళ్లీ చెప్పాలి, కోర్టులో జడ్జి ముందు ఇంకోసారి చెప్పాలి, అదంతా అయ్యాక అవతలి వకీలు లేచి నువ్వు చెప్పిందంతా అబద్ధమంటే ఆ అబద్ధం కాదన్న మాట కూడా ఆ పిల్లే చెప్పుకోవాలి. అవతల వకీలు ఒక్కడైతే.

ఈ కేసులో నిందితులు 26 మంది.

ఊపిరి బిగపట్టి ఆలోచించాల్సిన అంకె ఇది. ఒక పిల్ల. ఎదురుగా ఇంతమంది. ఒక్కో నిందితుడికి తన వకీలును పెట్టుకునే హక్కుంది. ఒక్కో వకీలుకి సాక్షిని ప్రశ్నించే హక్కుంది. ఆ హక్కు తీసెయ్యడానికి లేదు. తీసేస్తే రేపు పై కోర్టులో శిక్షే నిలవదు. మరి ఆ పిల్లను బోనులో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరు తవ్వుతుంటే జడ్జి ఏం చెయ్యాలి?

ఒకప్పుడు ఏమీ చేసేవాళ్లు కాదు.

1984. పంజాబు. పరీక్ష రాసి నడిచొస్తున్న పదహారేళ్లలోపు అమ్మాయిని కారులో ఎత్తుకుపోయారు. విచారణ కోర్టు నిందితులను వదిలేసింది. అంతటితో ఊరుకోక ఆ అమ్మాయి నడతనే శంకించింది. 12 ఏళ్ల తర్వాత, 1996లో, గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి నిందితులకు శిక్ష వేసింది. బాధితురాలిని అడ్డమైన ప్రశ్నలతో వేధిస్తుంటే జడ్జి చూస్తూ కూర్చోవద్దని మందలించింది. 2004లో 'సాక్షి' అనే సంస్థ వేసిన కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. నిందితుడు కనపడకుండా తెర కట్టండి. నిందితుడి తరఫు ప్రశ్నలు రాసి జడ్జికివ్వండి, జడ్జే అడగాలి, పిల్లకి అర్థమయ్యే మాటల్లో. మధ్యమధ్య విరామం ఇవ్వండి. అప్పటికింకా పోక్సో లేదు. ఆ తెరే తర్వాత చట్టంలోకి ఎక్కింది.

2005లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి కూడా ఇదే మాట ప్రపంచానికంతటికీ రాసిచ్చింది. నేరానికి గురైన పిల్లలను న్యాయం జరిపే క్రమంలో మరోసారి గాయపరచకూడదని. ఢిల్లీ కర్కర్‌డూమా కోర్టులో 2012లో పిల్లల కోసం విడి గదులు లేచాయి. విడి దారి, బొమ్మలు, టీవీ తెర మీద కోర్టు. తెలుగునాట హైదరాబాదులో 2016లో 'భరోసా' కేంద్రం తలుపులు తీసింది. పోలీసు, డాక్టరు, సలహాదారు ఒకే కప్పు కింద, పిల్లను ఊరంతా తిప్పకుండా. ప్రతి హైకోర్టు పరిధిలో కర్కర్‌డూమాలోలాంటి సాక్ష్య కేంద్రాలు కనీసం రెండైనా ఉండాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కట్టలేదు చాలాచోట్ల. 2022 జనవరిలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి జస్టిస్ గీతా మిట్టల్‌కి పర్యవేక్షణ అప్పగించి, ప్రతి జిల్లాలోనూ కట్టమని. న్యాయస్థానాలు కూడా ఒకే మాట పదే పదే చెప్పాల్సి వస్తోందంటే, పిల్లల సంగతి అడగాలా?

చెన్నైకి తిరిగొద్దాం. హైకోర్టు ఆవరణ. ఎర్ర ఇటుక గోడలు, నల్ల కోట్లు, ఫైళ్ల మూటలు మోస్తున్న గుమాస్తాలు. ఆ ఆవరణలోనే పోక్సో ప్రత్యేక కోర్టు. ఈ గోడలు వాషర్మన్‌పేట కేసుకి రెండేళ్ల ముందు ఇంకో దృశ్యం చూశాయి.

2018 జూలై 17. అయనావరం కేసు. వినికిడి లోపమున్న 11 ఏళ్ల పాపను నెలల తరబడి చెరిచారని 17 మందిని అరెస్టు చేసి తెచ్చారు. మహిళా కోర్టు నుంచి దించుతుంటే వకీళ్ల గుంపు వాళ్ల మీద పడి కొట్టింది. నగరం చప్పట్లు కొట్టింది. ఆ దెబ్బల వల్ల పాపకి ఒరిగిందేమిటి? ఆ పాపకి కావాల్సింది తన సైగ అర్థం చేసుకునే మనిషి, తొందరపెట్టని జడ్జి, త్వరగా ముగిసే కేసు. 2020 ఫిబ్రవరిలో 15 మందికి శిక్ష పడింది. ఆ శిక్ష తెచ్చింది ఓపికగా నమోదైన సాక్ష్యం. మెట్ల మీద పడిన పిడిగుద్దులు కాదు.

కోపం తేలిక. ఓపికే కష్టం. వాషర్మన్‌పేట కేసుకి ఆ ఓపిక ఎంత కావాలో అప్పటికింకా ఎవరికీ తెలీదు.

ఛార్జిషీటు వందల పేజీలు తేలింది. 26 మందిలో నలుగురు పరారీ. పిల్ల సాక్ష్యాన్ని కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో నమోదు చెయ్యాలంటుంది పోక్సో, ఆలస్యమైతే కారణం రాయాలి. మొత్తం విచారణ, వీలైనంతవరకు, ఏడాదిలో ముగియాలి. 2021 వచ్చింది. కరోనా రెండో అల కోర్టుల తలుపులు మూయించింది. నిందితుల్లో ఒకరు విచారణ నడుస్తుండగానే చనిపోయారు. క్యాలెండరు తిరుగుతోంది. పిల్ల పెరుగుతోంది.

ఈ ఎదురుచూపు బయటికి కనపడని శిక్ష. వాయిదా కాగితం వచ్చిన రాత్రి నిద్రపట్టదు. మరిచిపోవడానికి మనసు పెనుగులాడుతుంటే, మరిచిపోవద్దంటుంది కేసు. తారీఖు గుర్తుందా, గది రంగు గుర్తుందా, ఎవరు ముందు వచ్చారు, ఎవరు తర్వాత. మానుతున్న పుండు మీది పొరను ఒలిచి, ఇంకా పచ్చిగా ఉందో లేదో చూసినట్టు.

అందుకే సహాయక వ్యక్తి అని ఒకరిని పెట్టమన్నారు. చట్టంలో ఉన్న మంచి మాటల్లో బహుశా అన్నిటికంటే మంచిది ఇదే, అన్నిటికంటే తక్కువమందికి తెలిసిందీ ఇదే. బాలల సంక్షేమ కమిటీ నియమిస్తుంది. మొదటి వాంగ్మూలం నుంచి తీర్పు దాకా ఆ మనిషి పిల్ల పక్కనుండాలి. కోర్టు గది ముందుగా తీసుకెళ్లి చూపించాలి. జడ్జి ఎక్కడ కూర్చుంటారు, తెర ఎక్కడుంటుంది, దాహం వేస్తే ఎవరినడగాలి. 'నాకు గుర్తులేదు' అని చెప్పడం తప్పు కాదని నేర్పాలి. కేసు ఎక్కడిదాకా వచ్చిందో తల్లికి చెప్పాలి. బెయిలు వచ్చిందా, ఎవరైనా బెదిరిస్తున్నారా, బడికి వెళ్తోందా, తింటోందా. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి చూసి, ఈ సహాయక వ్యక్తిని పెట్టడం ఐచ్ఛికంగా వదిలేయొద్దని గట్టిగా చెప్పింది. చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు దాటింది.

కోర్టు గది తలుపు మూశారు. పోక్సో కేసు బహిరంగంగా నడవదు. పిల్ల నమ్మినవాళ్లు పక్కనుండొచ్చు. నిందితుడు పిల్ల మాట వినాలి, పిల్లకి కనపడకూడదు. వీడియో తెరో, ఒకవైపే కనిపించే అద్దమో, మామూలు గుడ్డ పరదానో. గదమాయించి అడగకూడదు. పిల్ల నడత మీద మచ్చ వేసే ప్రశ్న రాకూడదు. మాటిమాటికీ పిలిపించకూడదు.

తెర అవతల నుంచి 13 ఏళ్ల గొంతు. కాదు, అప్పటికి 13 దాటింది. ఆ మాట నిలబడుతుందా?

2022 సెప్టెంబరు 15.

న్యాయమూర్తి ఎం. రాజలక్ష్మి తీర్పు చెప్పారు. 21 మందీ దోషులే.

శిక్ష ఆ రోజు చెప్పలేదు. పదకొండు రోజులు ఆగింది పేట. సెప్టెంబరు 26న మళ్లీ అదే ఆవరణ, పోలీసు వ్యాన్లు, కెమెరాలు. దోషుల బంధువుల గుంపు. ఎనిమిది మందికి యావజ్జీవం. ఇన్‌స్పెక్టర్ పుగళేంది, ఆ పార్టీ నాయకుడు, ఆ విలేకరి సహా మిగిలిన 13 మందికి తలా 20 ఏళ్లు.

ఒక పిల్ల మాట ఖాకీని, ఖద్దరును, కలాన్ని ఒకేసారి దించింది.

ఇక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేది.

2024 ఆగస్టు. అదే చెన్నై, అన్నానగర్. 10 ఏళ్ల పాప మీద అఘాయిత్యం. ఫిర్యాదు చెయ్యబోయిన తల్లిదండ్రులనే మహిళా పోలీస్ స్టేషన్లో కొట్టారన్న ఆరోపణ. దాని మీద ఇంకో దెబ్బ: పాప వాంగ్మూలం రికార్డింగు ఫోన్లలో తిరిగింది. తలుపు మూసిన గదిలో ఒక చిన్నపిల్ల చెప్పుకున్న మాట, ఎవరెవరి అరచేతుల్లోనో మోగింది. మద్రాసు హైకోర్టు కలగజేసుకుని అక్టోబరు 1న కేసును సీబీఐకి ఇచ్చింది. నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ప్రత్యేక దర్యాప్తు బృందానికి మార్చింది. హైదరాబాదులో 2022 జూన్‌లో ఇంకోలా జరిగింది. మైనరు బాలిక కేసులో ఒక శాసనసభ్యుడు విలేకరుల ముందు ఫొటోలు, వీడియో బయటపెట్టి కేసు ఎదుర్కొన్నారు. నిజం బయటపెట్టడానికే అన్నారు. నిజం బయటపడాల్సిన చోటు కోర్టు. ఆ పిల్ల బొమ్మ పడాల్సిన చోటు ఏదీ లేదు.

ఇది చదువుతున్న మీ ఫోనుకి అలాంటి వీడియో ఎప్పుడైనా రావచ్చు. 'అందరికీ పంపండి, న్యాయం జరగాలి' అని కింద రాసుంటుంది. పంపొద్దు. మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి కష్టమొస్తే 1098కి ఫోన్ చెయ్యండి. కమిటీ ముందుకి వెళ్లినప్పుడు సహాయక వ్యక్తిని ఇమ్మని నోరు తెరిచి అడగండి, అది దయ కాదు. ఏం జరిగిందో మీరు మాత్రం ఆ పిల్లను మళ్లీ మళ్లీ అడగొద్దు. అడగాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు.

వాషర్మన్‌పేట కేసులో ఒక ముడి మిగిలిపోయింది. తీర్పు నాటికి నలుగురు నిందితులు దొరకలేదు. పరారీలో ఉన్నవాడు పట్టుబడితే అతని మీద కేసు మామూలుగా విడిగా నడుస్తుంది. అతని ఎదుట సాక్ష్యం కొత్తగా నమోదు కావాలి. అంటే ఆ పిల్లకి మళ్లీ సమను వెళ్లొచ్చు. 2024లో ఒడిశా కేసు ఒకదానిలో, బాధిత బాలికను తిరిగి ప్రశ్నించాలన్న నిందితుల కోరికను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, పిల్లలను పదే పదే కోర్టుకి రప్పించొద్దన్న పోక్సో 33వ సెక్షను చూపించి. కానీ అది ఒకసారి ప్రశ్నించే అవకాశం వాడుకున్న నిందితుల సంగతి. ఇంకా దొరకని నిందితుల విషయంలో మళ్లీ పిలవకుండా ఆ పిల్లకి ఏ రక్షణ ఉందో పోక్సో చట్టం స్పష్టంగా చెప్పలేదు. పార్లమెంటు ఆ ఖాళీ పూడ్చాలి.